శిష్యురాలి కత్తి కింద

అక్కా,

నేను బతికే ఉన్నాను. ముందు ఆ మాట విని, తర్వాత తిట్టు.

కడుపులో గడ్డకు ఆపరేషన్ చేయించుకోవడానికి ఓడెక్కి మన దేశం రమ్మని నువ్వూ, మిషన్ పెద్దలూ ఎంత చెప్పినా నేను రాలేదు. నేను చదువు చెప్పి డాక్టర్ని చేసిన అమ్మాయి చేతే ఇక్కడ చేయించుకున్నాను. దేవుడి మీద భారం వేసి మొండికేశాననుకోకు. ఇక్కడి ఆడవాళ్లు మగ డాక్టర్ని దగ్గరికి రానివ్వరు. ఆడవాళ్లలోనూ నన్ను తప్ప ఎవరినీ నమ్మరు. నేనే ఆమెను నమ్మకుండా ఓడెక్కితే, రేపు ఆమె ముందు బల్ల మీద ఎవరు పడుకుంటారు?

పాపం, ఆ అమ్మాయి "మీకేమైనా అయితే నేనెలా బతకాలి అమ్మగారూ?" అంది.

"నీకు నా తిట్లు తప్పుతాయిలే, మత్తు ఇవ్వు" అన్నాను.

ఇప్పుడు నన్ను మంచం దిగనివ్వడం లేదు. కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని, ఎలా పడుకోను? నిన్న కాన్పు కష్టమైన ఒకావిడను తీసుకొచ్చారు. పెద్ద డాక్టరమ్మే రావాలని ఆమె అత్తగారు గుమ్మంలో పట్టుబట్టింది. నేను చెప్పులు వెతుక్కుంటుండగా మా అమ్మాయి గొంతు వినిపించింది.

"ఆ పెద్ద డాక్టరమ్మ కడుపు కోసి కుట్టింది నేనేనమ్మా. లోపలికి తీసుకురండి."

తలుపు మూసుకుంది. నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. చాలాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమమట.

"నన్నెందుకు పిలవలేదే?" అన్నాను.

"మీరు గుర్తు రాలేదమ్మగారూ" అంది, తల దించుకుని.

కుట్లు నొప్పెట్టేదాకా నవ్వానక్కా. ఆమె వెళ్లాక ఎందుకో ఏడుపొచ్చింది.

నీ చెల్లి