నాలుగు రోజుల ముందు అచ్చయిన కరపత్రం

దేవరాపల్లి

పరిశోధన సంస్థ, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసు, సుచిత్ర గారికి,

రసాయన మందు కలపకుండా బెల్లం వండే చెరకు రసంలో మడ్డి తీసే పద్ధతిని మా నాన్న అప్పలనరసింహం కనిపెట్టాడు. పేటెంటు మీద ఆయన పేరే ఉంటుందని, దరఖాస్తు పెట్టేదాకా ఎవరికీ చెప్పొద్దని మీరు మా ఇంటికొచ్చి మరీ చెప్పారు. నేను నమ్మలేదు. రైతు బుర్రను కంపెనీలకు అమ్మే దళారీ అని మిమ్మల్ని మొహం మీదే తిట్టాను. జ్ఞానం జనం సొత్తని, పద్ధతంతా కరపత్రం వేయించి అనకాపల్లి బెల్లం మార్కెట్లో పంచేశాను.

దాని మీద తేదీ ఉందా అని నిన్న ఫోన్లో అడిగారు. ఉంది. మీ దరఖాస్తుకు నాలుగు రోజుల ముందుది. ముందే అచ్చయిపోయింది కాబట్టి ఇక పేటెంటు రాదని మెల్లగా చెప్పారు. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి నాకు కోపం కూడా రావడం లేదు.

సోమవారం మీరు వచ్చి నాన్నకు చెప్పొద్దు. నేనే చెప్పాలి. రెండు రోజులు గడువివ్వండి. కరపత్రంలో తన పేరు చూసుకుని, బెల్లం పెనం దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. ఇవాళ ఒకటి మడతపెట్టి నా చేతికిచ్చాడు.

"ఆపీసరమ్మకి పంపరా. పేటెంటొచ్చినప్పుడు నా పేరు ఇలాగే పెద్దచ్చరాలతో ఎయ్యమని సెప్పు."

జత చేశాను.

ఇట్లు,
అప్పలనరసింహం కొడుకు