గట్టి రక్తం

నవంబరు 9, ఆదివారం

చి.సౌ. పిచ్చుకకు,

అక్క దీవించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని అలవాటుగా రాయబోయి ఆగాను. ఇక్కడ కుశలం సగమే. నాన్న ఎడమవైపు బాగానే ఉంది. కుడి చేయి, కుడి కాలు పక్షవాతానికి అలాగే పడి ఉన్నాయి.

మాటా అంతే. నోట్లో ఒక్కటే మిగిలింది: ఆగింది. మంచినీళ్లు కావాలన్నా ఆగింది, దిండు సర్దమన్నా ఆగింది. గోడ గడియారం వైపు చూసి కూడా అదే అంటే, అది మాత్రం నిజంగానే ఆగిందని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటాను. మఠం వేసుకుని కూర్చుంటే కాలికి తిమ్మిరెక్కుతుందే, ఈమధ్య నా మనసుకు అలా ఎక్కింది. పొద్దున్నే కొట్టు తెరుస్తున్నాను, అద్దాలు కోసి ఫొటోలకు ఫ్రేములు కడుతున్నాను, మూసేసి వస్తున్నాను. ఏడుపు మాత్రం రావడం లేదు.

అసలు సంగతికి వస్తాను. మొన్న చెబుతుంటే, మనది గట్టి రక్తం, నాకేం కాదని ఫోను పెట్టేశావు. ఆ గట్టితనమే మన కొంప ముంచిందే తల్లీ.

డాక్టరమ్మ నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. దెబ్బ తగిలితే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు ఉంటాయట. పనైపోగానే ఇక చాలు అని వాటిని ఆపేది ఇంకొకటి ఉంటుందట. నాన్న జన్యువులో ఒక్క అక్షరం తేడా. దాంతో ఒక ప్రోటీన్ ఆ చాలు అన్న మాట వినిపించుకోదు. అలా కాల్లో కట్టిన గడ్డ, గుండెలో పుట్టుకతో ఉన్న చిన్న రంధ్రంలోంచి దాటి మెదడుకెక్కింది. ఈ తేడా ఉన్నవాళ్లందరికీ ఇలా జరగదు, కానీ ప్రమాదం ఎక్కువేనంది. కోసుకున్నప్పుడు రక్తం త్వరగా ఆగడానికీ దీనికీ పెద్ద సంబంధం లేదని కూడా అంది. ఇన్నేళ్లు మనం కొట్టుకున్న గొప్పలన్నీ ఉత్తవే.

జన్యువులు జంటగా ఉంటాయి కదా, నాన్నకు రెండూ ఆ తేడా ఉన్నవేనట. ఆయన ఏది ఇచ్చినా అదే. కన్నపిల్లలందరికీ కనీసం ఒకటి తప్పదని గట్టిగా చెప్పింది. కాబట్టి నీకు ఉండి తీరుతుంది. పిల్లలు ఇప్పుడే వద్దని నువ్వు వేసుకునే మాత్రలు ఇలాంటి రక్తానికి పడవు. పైగా వారంగా తలనొప్పి అంటున్నావు. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు, మాత్రల సంగతీ నాన్న సంగతీ రెండూ చెప్పు. మరిదిగారికి పనుంటే ఒక్కదానివే వెళ్లు. నువ్వూ చేయించుకున్న ఆ రక్తపరీక్ష రిపోర్టు ఏమైందక్కా అని అడిగావు. అది తర్వాత, ముందు నీది చూసుకో.

గుర్తుందా, కొట్లో గాజు గీసుకుని నీ వేలు తెగితే, చూడండి మా ఇంటి రక్తం అప్పుడే ఆగిపోయిందని నాన్న వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. నా వేలు తెగితే తన పిడికిట్లో దాచేసుకునేవాడు, పూర్తిగా ఆగేదాకా వదిలేవాడు కాదు. నన్నే ముద్దు చేస్తున్నాడని నువ్వు మూతి ముడిచేదానివి. మీ అక్క గాజుబొమ్మ కదే అని అమ్మ నిన్ను సముదాయించేది.

అమ్మ బాగానే తింటోంది. గడియారానికి బ్యాటరీ వేశాను. జాగ్రత్త.

ఇట్లు,
నీ అక్క

తా.క. దాచి ప్రయోజనం లేదు. నా రిపోర్టులో ఆ తేడా లేదు. తప్పేమోనని మళ్లీ చేయించాను. ఒక్కటి కూడా లేదు. కన్నపిల్లలందరికీ తప్పదని పైన నేనే రాశాను. అంటే నేను నాన్నకు పుట్టలేదు. అమ్మను అడగలేదు. అడిగి ఏం చేస్తాను.

నిన్న ఇంట్లో, నాన్న మంచం పక్కనే పగిలిన ఫ్రేము తీస్తుంటే వేలు తెగింది. లోతుగానే దిగింది. నాన్న ఎడమ చేయి చాచి, నా వేలు లాక్కుని పిడికిట్లో దాచుకున్నాడు. గుమ్మం వైపు చూశాడు, ఎవరైనా వస్తున్నారేమోనని. వేళ్ల సందుల్లోంచి దుప్పటి మీదికి ఇంకా కారుతూనే ఉంది.

ఆగింది, అన్నాడు.

ఆగింది నాన్నా, అన్నాను.