పక్కలైనులో ఇరవై రెండు నిమిషాలు

రైలు పట్టాల పంపక కార్యాలయపు పెద్ద అధికారి గారికి, ప్రాగ్.

అయ్యా,

విషయం: ఒకే పట్టాలపై రెండు కంపెనీల ఎక్స్‌ప్రెస్‌లు ముందెవరని తగువులాడుకొనుట; మధ్యన మా ఒంటిపెట్టె బండి, దానితోపాటు నా ఉద్యోగము నలిగిపోవుట.

1. నేను హ్రాద్లో ఊరి బడిలో వంటమనిషిని. ఉదయం ఆరు పదికి లిష్కోవ్‌లో బయలుదేరు మా బండిని అడవి మధ్య పక్కలైనులోకి మళ్ళించి, ఊదా కంపెనీ బండికీ గులాబీ కంపెనీ బండికీ దారి ఇప్పించుచున్నారు. సదరు కంపెనీలు రెండూ ఆరు ముప్పయ్యే కావాలన్నవి. పక్షపాతం కూడదను నిబంధన మేరకు తమరు ఇద్దరికీ ఆరు ముప్పయ్యే రాసిచ్చితిరి. నేనైతే ఒక పొయ్యి మీద రెండు డేగిశాలు పెట్టను. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు, మాకు రోజూ ఇరవై రెండు నిమిషాలు ఆలస్యము.

2. సెప్టెంబరు మాసం, పక్కనే అడవి, ఆగిన బండి. మన దేశంలో ఎవడు కూర్చుంటాడండీ? రోజూ మాతో వచ్చే పోలీసాయనతో సహా అందరమూ బుట్టా చాకూ పట్టుకుని పుట్టగొడుగులకు దిగుతాము. ఊదా బండి పోయి, గులాబీ బండి పోయాక గార్డు ఈల వేస్తాడు, ఎక్కుతాము. నాలుగేళ్ళుగా ఈ పద్ధతిలో ఒక్క పొరపాటూ జరగలేదని మనవి.

3. ఏడింటికి నేను పొయ్యి వెలిగించాలి. తినేవాళ్ళు నూట ఎనభై మంది పిల్లలు. హెడ్‌మిస్ట్రెస్ ష్తెపాంకా గారు ఇన్నాళ్ళూ ఓర్చుకుని, ఈ నెలలో రెండు మెమోలిచ్చారు. "చూడండి ద్రహోమీరా గారూ, పిల్లల ఆకలికి కంపెనీల గొడవ చెప్తే ఊరుకుంటుందా? ఇంకొక్కసారి లేటయితే మీరు ఇంట్లోనే వండుకోవచ్చు" అన్నారు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. మళ్ళీ ఎవరు పెట్టుకుంటారు? భయంగా ఉందండీ, దాచేదేముంది.

కావున మా బండిని ముందు పోనిచ్చి, ఆ తరువాత ఆ ఇద్దరినీ బొమ్మాబొరుసూ వేసుకోమని, పొయ్యి చల్లారకముందే ఉత్తర్వు ఇవ్వ చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ద్రహోమీరా వావ్రోవా

తా.క.: ఇది పక్కలైనులోనే మోకాలి మీద పెట్టి రాశాను. ఊదా బండి ఇంకా రాలేదు. కిటికీలోంచి చూస్తే చెట్టు కింద పిడికిలంత పుట్టగొడుగు. ఈ పూట సూపుకి పనికొస్తుంది. కాగితం సీటు మీద పెట్టి, ఇప్పుడే వస్తా.

గార్డు ప్రోకోప్ హ్రూబీ రాయునది:

అయ్యా, తగువు తేలేవరకు రెండు కంపెనీల బళ్ళూ ఆపాలన్న తమ ఉత్తర్వు ఈ ఉదయమే అమల్లోకి వచ్చిందట. మాకెవరూ చెప్పలేదు. లైను ఖాళీ కాబట్టి వెంటనే పచ్చ సిగ్నలు పడింది. మూడుసార్లు ఈల వేశాను, మిగతావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఈవిడ గులాబీ బండి పోనిదే నా ఈలను నమ్మదు. "ఆగరా, వంటావిడ అడవిలో ఉంది" అన్నాను. డ్రైవరు "నాలుగేళ్ళకి టైముకి పచ్చ పడిందిరా ప్రోకోప్! దీన్ని వదిలితే మళ్ళీ నా రిటైర్‌మెంటుకే" అని పోనిచ్చాడు.

బండి టైముకి చేరింది. అంటే ఆవిడకిక బండి మీద నెపం పెట్టే దారి కూడా లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి తమరే ఒక ముక్క రాయండి. ఏడింటికి బడిలో పొయ్యి నేను వెలిగించాను. ఉప్పు ఎంత వెయ్యాలో తెలియదు.