మూడో మెట్టు

అక్కా,

బావగారు క్షేమంగా చేరారనుకుంటాను. ఇన్నేళ్లుగా నేను బాగుచేసిన కట్టడాలన్నీ తిప్పి చూపించాను. అంతా చూసి, "అన్నీ పాతవేగా, ఇందులో నువ్వు కట్టిందేది?" అన్నారు. మరదలు ఆర్కిటెక్టని అందరికీ చెప్పుకునే మనిషాయె, పాపం చిన్నబోయారు. మా పని పైకి తెలియకపోతేనే బాగా కుదిరినట్టు.

నీకు మాత్రం చెబుతాను. గ్రంథాలయం మెట్లలో మూడోది నాది. పాత రాయి పగిలితే కొత్తది వేయించి, వందేళ్లుగా జనం ఎక్కి దిగినట్టు మధ్యలో పల్లం పడేలా నేనే అరగదీశాను. ఇంతవరకూ ఎవరూ పోల్చుకోలేదు.

మా ఇంటి గడప మాత్రం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని అరగదీయడం నా ఒక్కదానివల్ల కావడం లేదు. ఓసారి నువ్వూ రా.

నీ చెల్లెలు