ఫొటో ఇవ్వని నలుగురు

మంగళవారం

ఉదయం పదకొండింటికి మార్కెట్ గోడ మీద డ్రాయింగు మాస్టారు సత్యానందం గారు వేసిన బొమ్మకు సున్నం కొట్టడం మొదలైంది. మనిషి, చెట్టు ఏదీ లేని ఉత్త రంగుల బొమ్మ. మధ్యాహ్నానికి సగం పోయింది. కారణంగా మున్సిపల్ అధికారి నిన్నటి పేపర్లో నేను రాసిన ‘జనం మాట’ శీర్షికను చూపించారు. ఐదు ఫొటోలు, ఐదు అభిప్రాయాలు, ఐదూ వ్యతిరేకం.

నేను అడిగింది తొమ్మిది మందిని. నలుగురికి నచ్చింది. నలుగురూ ఆడవాళ్లే, ఫొటోకి ఒప్పుకోలేదు. ఫొటో లేనిదే అభిప్రాయం వేయకపోవడం మా పద్ధతి. నాయకుల కోసం ఆ పద్ధతిని ఎన్నిసార్లు పక్కన పెట్టానో నాకు తెలుసు.

ఆటో డ్రైవర్ మాటను అన్నిటికన్నా పైన పెట్టాను, నవ్వొస్తుందని: "ఏటండీ ఇది, రంగు డబ్బాలు ఒలికిపోనాయా?" కొయ్యూరు నుంచి అల్లం తెచ్చి అమ్మే ఆవిడ మాట నోట్‌బుక్‌లోనే ఉండిపోయింది: "ఏటో తెలీదు బాబూ. పొద్దున్నే దీనెదురుగా కూకుంటే మనసు బాగుంటాది. ఫొటో వొద్దు, మా ఓళ్లు తిడతారు."

సాయంత్రం మాస్టారు దారిలో ఆపారు. కోపంగా లేరు. "ఒక్కరికైనా నచ్చలేదేటండీ?" అని అడిగారు. అక్కడే చెప్పాల్సింది. ఆఫీసు నుంచి ఫోనొస్తోందని బండి స్టార్ట్ చేశాను. ఫోను మోగనే లేదు.

ఇన్నేళ్లలో అబద్ధం రాయలేదని చెప్పుకునేవాణ్ణి. నిన్నా రాయలేదు. అయినా...

సున్నం ఆపమని అడగడానికి రేపు పదింటికి మాస్టారు అధికారిని కలుస్తారట. అంతకు ముందే నేను నోట్‌బుక్ తీసుకుని మాస్టారి ఇంటికి వెళ్లాలి. పదకొండింటికి మిగతా సగానికి సున్నం వేస్తారు.