టార్చ్ వేస్తేనే వినిపించే ఫోను

ఏమండీ, నా ఫోన్ టేబుల్ మీద వదిలి క్లినిక్‌కి వెళ్తున్నాను. మీరు లేవగానే, మొన్న దాంట్లో ఎక్కించిన ఆ బయటి సాఫ్ట్‌వేర్, అదే కస్టమ్ రోమ్, పీకేసి, కంపెనీదే మళ్ళీ వేయండి.

పాతదాంట్లో ప్రకటనలూ, అక్కర్లేని యాప్‌లూ ఉండేవి, ఒప్పుకుంటాను. కొత్తదాంతో ఫోన్ పరుగులు పెడుతోంది, చార్జింగ్ కూడా రెండు రోజులొస్తోంది. కానీ టార్చ్ వేస్తే తప్ప అవతలివాళ్ళ మాట వినపడట్లేదు. మీ ఆవిడ పళ్ళ డాక్టరని గుర్తుందా? నేను లైటు వేస్తే చాలు, ఎదురుగా ఉన్నవాళ్ళు నోరు తెరిచేస్తున్నారు. నిన్న కొరియర్ ఆయన కూడా తెరిచాడు. రెండు పళ్ళు పుచ్చిపోయాయి పాపం.

ఇంకోటి. నిన్న మీ ఫోన్ పెట్టేసింది కోపంతో కాదు, మూతి ముడుచుకోకండి. ఏడుగురు పేషెంట్లు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఫోన్‌లో ముద్దెలా పెట్టను?