వాగు గట్టున పాస్టరు

డిసెంబరు 26

ప్రియమైన జుబెనికి,

ప్రభువు పుట్టినరోజు శుభాలు. ఒకరోజు ఆలస్యంగా చెబుతున్నానని తిట్టుకోకు. ఇక్కడ నేనూ మన చిన్నది చుంబెనీ క్షేమం, నీ కోళ్లు మాకంటే క్షేమం. అక్కడ నువ్వూ, రెన్‌బెనీ, అల్లుడూ, కొత్తగా వచ్చిన మనవడూ కులాసా అనుకుంటాను. ఈ ఉత్తరం దీమాపూర్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రెన్‌బెని అడిగిన ఎండు వెదురు చిగుళ్ల పొట్లం కూడా అతని దగ్గరే ఉంటుంది. మొహమాటపడకుండా అడిగి తీసుకో, లేకపోతే తన ఇంటికి పట్టుకుపోతాడు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మోకాళ్లు అలాగే ఉన్నాయి. వంటగది కప్పు బాగు చేయించాను, పొయ్యి మీద ఇక చినుకు పడదు. బిడ్డకు పసరు వైద్యం చేయొచ్చా అన్నావు, అది నన్ను కాదు, డాక్టర్ని అడుగు. ఇక చివర్లో, "పాపం లిజామో ఒంటరి కుర్రాడు, పండగ పూట భోజనానికి పిలుస్తున్నావా?" అని రాశావు. నువ్వూ అడిగావా జుబెనీ! ఊళ్లో అందరూ చాలరా?

అతన్ని నేను పిలవాల్సిన పని లేదు. పొద్దున ఒకరు గుడ్లు తెస్తారు, మధ్యాహ్నం ఇంకొకరు చేమదుంపల కూర తెస్తారు. సహాయ పాస్టరుగా వచ్చి ఏడాది కాలేదు, అప్పుడే అందరి నోటా 'సహాయ' అన్న మాట పోయి 'పాస్టరుగారు' అయిపోయాడు. గిటారు వాయిస్తాడు. విధవరాళ్ల ఇళ్లకు కట్టెలు మోసుకెళ్తాడు. ప్రసంగం మొదలుపెడితే వెనక బల్లల్లో కునుకు తీసే ముసలివాళ్లు కూడా మెడలు చాచి వింటారు. నా ప్రసంగంలో వాళ్లు ఎంత హాయిగా నిద్రపోయేవాళ్లో నీకు తెలుసు. మొన్న అతను ఒక వాక్యం ఏ అధ్యాయంలోదో తప్పు చెప్పాడు. ఆ తప్పు నాకు రోజంతా తీపిమిఠాయిలా ఉంది.

పండగ విందు సంగతి అడిగావు. పోయినేటి కంటే పందులు ఎక్కువే కోశారు. ఎప్పుడూ పాస్టరు వాటా అని తొడ మాంసం ఆకులో చుట్టి మనింటికి పంపేవాళ్లు కదా, ఈసారి రెండు పొట్లాలు కట్టారు. రెండూ ఒకే బరువు. నేను రెండు చేతులతో ఎత్తి చూశాను. ఇన్నేళ్లు సువార్త చెప్పినవాణ్ని, మాంసం పొట్లాలు తూచుకుంటున్నాను. నవ్వాలనిపిస్తే నవ్వు, నాకు మాత్రం నవ్వు రాలేదు.

అసలు గొడవ పండగ ముందు ఆదివారం నాటి బాప్తిస్మాల దగ్గర మొదలైంది. సంఘ పెద్ద ఒరెన్‌థుంగ్ ఇంటికొచ్చి టీ తాగుతూ, "అయ్యగారూ, ఈసారి మీరు గట్టు మీదే ఉండండి. ఆ మోకాళ్లేసుకుని ఈ చలిలో వాగులో దిగితే, మిమ్మల్ని బయటికి లాగడానికి మళ్లీ మనుషుల్ని పెట్టాలి. నీళ్ల పని లిజామో చూసుకుంటాడు లెండి" అన్నాడు. మిగతా పిల్లలందరికీ అతనే ఇవ్వనీ, నా కూతురికి మాత్రం నేనే దిగుతానన్నాను.

చుంబెని పొయ్యి దగ్గర దుంపలు ఒలుస్తోంది. తలెత్తకుండానే అంది.

"వద్దు నాన్నా. నాకూ లిజామో అన్నే ఇస్తాడు."

"నేనేం పాపం చేశానే?"

"ఏం చేయలేదు. నువ్వు గట్టునుండు."

"నా మోకాళ్ల గురించా?"

"మోకాళ్లూ లేవు, మోచేతులూ లేవు. నువ్వు గట్టునుండు, అంతే."

ఒరెన్‌థుంగ్ పకపకా నవ్వాడు. "మీ ఇంట్లో కూడా లిజామోదే రాజ్యమన్నమాట!" అన్నాడు. హాస్యానికే అన్నాడు, నాకు మాత్రం ముల్లులా దిగింది. రెన్‌బెనిని ముంచింది ఈ చేతులే. ఈ ఊళ్లో సగం మందిని ముంచింది ఈ చేతులే. కన్న కూతురికి మాత్రం నిన్నగాక మొన్న వచ్చినవాడి చేతులు కావాల్సొచ్చాయి.

మన సంఘం పద్ధతి నీకు తెలుసు. మనిషి నిండా మునగాలి, వేలి కొస తేలినా చెల్లదు. గట్టు మీద సాక్షిగా నిలబడ్డ పెద్ద "మునిగింది" అన్నాకే జనం ఆమేన్ అనాలి. ఎప్పుడూ ఒరెన్‌థుంగ్ చెప్పే ఆ మాట, నేను గట్టునున్నాను కాబట్టి ఈసారి నన్నే చెప్పమన్నారు. నీళ్లు ఎముకలు కొరికేలా ఉన్నాయి. లిజామో నడుం లోతులో నిలబడి, వణుకుతూ దిగే ప్రతి పిల్లనీ పిల్లవాణ్నీ ఏదో ఒకటి అని నవ్విస్తున్నాడు. నేను ముంచినప్పుడు ఎవరైనా నవ్వారా? భయభక్తులుండేవి. చుంబెని దిగింది. అతనేదో అన్నాడు, అదీ నవ్వింది. వెనక్కి వాల్చి ముంచాడు, లేపాడు. అది మొహం మీది నీళ్లు తుడుచుకుని, ఇంకా నవ్వుతూనే గట్టువైపు తిరిగింది. జనమంతా నా నోటివైపు చూస్తున్నారు.

"చేయి మునగలేదు. ఎడమ చేయి పైనే ఉంది" అన్నాను.

లిజామో మొహం పాలిపోయింది. "నాదే తప్పు అయ్యగారూ, సరిగ్గా పట్టుకోలేదేమో. మళ్లీ ముంచుతాను" అన్నాడు. చుంబెని కదల్లేదు.

"మునిగింది నాన్నా. నా చేయి నాకు తెలీదా?"

"గట్టు మీదివాళ్లకు కనబడిందే లెక్క" అన్నాను.

అది నన్ను ఒక్క చూపు చూసింది. లిజామో చేయి పక్కకు నెట్టి, రెండోసారి మునగకుండానే బయటికి వచ్చేసింది. మీ చెల్లెలు లొంబెని పరుగెత్తుకెళ్లి శాలువా కప్పింది. ఆ రోజు నుంచి పండగ దాకా చుంబెని వండి పెట్టింది, నీళ్లు తోడింది, నాతో మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పాస్టరే చూశానన్నాక ఇక ఎదురేముందని పెద్దలు తేల్చేశారు. అంటే క్రిస్మస్ నాడు బాప్తిస్మం పొందినవాళ్లందరూ ప్రభువు బల్లలో రొట్టె తీసుకుంటుంటే, అది చిన్నపిల్లలతో వెనక బల్ల మీద కూర్చోవాలి. తన ఈడు పిల్లలందరూ ముందుంటారు, పాస్టరు కూతురు మాత్రం వెనక.

ఇంతవరకూ రాసి రెండుసార్లు కలం పక్కన పెట్టాను. మీ చెల్లెలి ద్వారా తెలిసేకంటే నా ద్వారా తెలియడమే నయం. జుబెనీ, చేయి మునిగింది. నేను చూశాను. నీళ్ల కింద దాని వేళ్లు తెల్లగా కనబడ్డాయి కూడా. కళ్లు చూస్తూనే ఉన్నాయి, నోరు అబద్ధమాడింది. అతని చేతుల్లోంచి అది అంత సంతోషంగా లేవడం నేను ఓర్చుకోలేకపోయాను. చిన్నపిల్లవాడు బొమ్మ కోసం ఏడ్చినట్టు కడుపులో ఏడుపొచ్చింది, అది నోట్లోంచి ఆ మాటై వచ్చింది.

క్రిస్మస్ ఉదయం ప్రసంగం నాదే. ఏటా హేరోదు రాజు సంగతి వచ్చేసరికి బల్ల గుద్ది తిట్టేవాణ్ని కదా, పొత్తిళ్లలో బిడ్డ రాజవుతాడని విని ఓర్వలేకపోయిన ఆ రాజును. ఈసారి అతని పేరు దగ్గరికి వచ్చేసరికి ఎత్తిన చేయి దించేశాను. ఏ ముఖం పెట్టుకుని తిట్టను? వెనక బల్ల మీద పిల్లల తలల మధ్య ఎత్తుగా చుంబెని తల ఒక్కటే కనబడుతోంది. బైబిలు మూసేశాను.

"ఆ రోజు చుంబెని చేయి మునిగింది. నేను చూశాను. లిజామో మీద ఓర్వలేక అబద్ధం చెప్పాను. సంఘం నన్ను క్షమించాలి, ముందు ఆ ఇద్దరూ క్షమించాలి" అన్నాను.

ముందు బల్లలవాళ్లు వెనక్కి తిరిగి చుంబెనివైపు చూశారు. తర్వాత ఒరెన్‌థుంగ్ లేచి, గట్టిగా, "మునిగింది!" అన్నాడు. జనమంతా ఆమేన్ అన్నారు. లిజామో వచ్చి నన్ను వాటేసుకుని భోరున ఏడ్చాడు. అప్పుడేమైందో తెలుసా? ముసలమ్మలందరూ అతని చుట్టూ మూగి, "ఎంత మెత్తని మనసో బిడ్డది!" అని వీపు నిమిరారు. తప్పు ఒప్పుకున్నది నేను, ఓదార్పు అతనికి! అప్పుడు కూడా లోపల చురుక్కుమంది జుబెనీ, నీ దగ్గర దాచను.

చుంబెని ముందుకొచ్చి కూర్చుంది, రొట్టె తీసుకుంది. విందయ్యాక ఇంటిదారి పట్టాం. కొంతదూరం నడిచాక నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఒక్కటి చెప్పవే. అతనే ఎందుకు? నాలో లేనిది అతనిలో ఏముంది?"

"అయ్యో నాన్నా, ఇంకా అదేనా? నాకు ముంచేది ఎవరైనా ఒకటే."

"మరి నన్నెందుకు వద్దన్నావు?"

"అక్క బాప్తిస్మం గుర్తుందా? అది నీళ్లలోంచి లేచేసరికి నువ్వు తర్వాతి వంతుకు దిగిన పక్కింటి పిల్ల చేయి పట్టుకుని ఉన్నావు. అక్క చలికి కొంకర్లు పోతూ ఒక్కతే నడిచొచ్చింది. అందరి నాన్నలూ శాలువాలు పట్టుకుని గట్టున నిలబడతారు, పిల్లలు రాగానే చుట్టేసి గుండెకు హత్తుకుంటారు. మా నాన్న ఎప్పుడూ నీళ్లలోనే. నాకైనా గట్టున నాన్న ఉండాలనుకున్నా."

"ఉన్నానుగా."

"ఎక్కడ? గట్టునున్నది పాస్టరుగారు."

ఇంటికొచ్చి అది పొయ్యి రాజేసింది, నేను పక్కన కూర్చున్నాను. ఇన్నాళ్లూ లిజామోను చూసి కడుపు మండిందనుకున్నాను. ఇప్పుడు మండుతున్నది వేరేవాళ్లను తలుచుకుంటే. ఆ వాగు గట్టున శాలువా విప్పి పట్టుకుని, కూతురు తనవైపు నడిచొస్తుంటే చూసిన ప్రతి తండ్రినీ తలుచుకుంటే.

ఇట్లు,
నీకు భర్తనూ, రెన్‌బెనికీ చుంబెనికీ తండ్రినీ అయిన
యాన్‌థుంగో